‘కెన్’కూ ‘మే’కూ మధ్య ఒక బావి

1934 ఎండాకాలంలో నేను కడప జిల్లాలో ఒక సబ్‌కలెక్టరు దొర దగ్గర ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్నాను. దొర ఇంగ్లీషును తెలుగులో, రైతుల తెలుగును ఇంగ్లీషులో చెప్పడమే పని. సొంత మాట ఒక్కటి కలపకూడదు.

రాయచోటి తాలూకాలో ఒక పల్లెకు విచారణకు వెళ్లాం. అక్కడి క్రైస్తవ వాడలో ఏటి చెలమలు ఎండిపోయాయి. ప్రభువును నమ్ముకున్నా ఊరు వాళ్లను అంటరానివాళ్లుగానే చూసేది. ఊరి నడుమనున్న సర్కారు బావిలో నీళ్లు చేదుకోనివ్వమని వాళ్లు అర్జీ పెట్టుకున్నారు.

దొర బావి దగ్గరే కుర్చీ వేయించుకుని గ్రామ మునసబును ‘కెన్’ అనే మాటతో అడిగాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను: “వీళ్లు ఈ బావిలో నీళ్లు చేదుకోగలరా?”

“యాల చేదుకోలేరు దొరా! గిలక ఉండాది, తాడుండాది. వాళ్లకేమన్నా చేతులు పడిపోయినాయా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఆ జవాబును ఇంగ్లీషులో చెప్పగానే, వాళ్లకు అడ్డేమీ లేదనుకుని దొర తల ఊపి అర్జీ కొట్టేయబోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ‘కెన్’ అంటే శక్తి ఉండటం, ‘మే’ అంటే అనుమతి ఉండటం. ఇంగ్లీషువాళ్లు మాటల్లో ఒకదాని బదులు మరొకటి వాడేస్తారు. దొర అడిగింది అనుమతి గురించి. మునసబు కావాలనే చేతుల బలం చూపించాడు. “దొరా, ‘మే’ అని అడగడానికి సెలవిప్పించండి” అన్నాను. ఆయన మొహం చిట్లించి, సరేనన్నాడు.

“మునసబుగారూ, వీళ్లు చేదుకోవచ్చునా?”

“ఆచారమనేది ఒగటుండాది కదా సారూ! మా ఆడోళ్లు పోస్తాండారు, వాళ్లు పట్టుకుంటాండారు.”

బావికి దూరంగా, ఖాళీ కుండ ముందు పెట్టుకుని ఆ వాడకే చెందిన మరియమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. ఎవరైనా కరుణించి పైనుంచి పోసేదాకా అలా కూర్చోవడమే వాడ ఆడవాళ్ల వంతు.

“పొద్దన్నుంచి ఈడనే కూసోనుండా సారూ. చేదుకునేటోళ్లు చేదుకోని పోతాండారు, నా తట్టు చూసేటోళ్లే లేరు. నా బిడ్డ జరంతో పడుండాది. నాలిక తడపను చుక్క లేదు.”

ఆమె చేదుకోవచ్చునని చెప్పమన్నాడు దొర. చెప్పాను. ఆమె దొర వైపు చూడలేదు, మునసబు వైపు చూసింది.

“దొర రేపు పోతాడు సారూ. మేం ఈడనే కదా ఉండేది.”

చివరికి దొర బంట్రోతు నీళ్లు చేదాడు. అతనూ ఆమె కుండలో పైనుంచే పోశాడు!

వాడకు వేరే బావి తవ్వించమని దొర ఉత్తరువు రాశాడు. “శానా మంచి తీర్పు దొరా!” అని మునసబు దండం పెట్టాడు. ఎందుకు పెట్టడు? వాడి బావి వాడికే మిగిలింది.

ఆ కేసు నాకు నేర్పింది ఇది: దేవుడు భూమిలో పెట్టిన నీళ్లకు ఒక మనిషి మరో మనిషికి సెలవివ్వడమే పాపం. అక్కడ ‘కెన్’ చాలలేదు, ‘మే’ కూడా చాలలేదు. అడగవలసింది “ఆపడానికి నువ్వెవరు?” అని. ఆ మాట దొర ఇంగ్లీషులో అనలేదు. కనుక తెలుగులో చెప్పే పని నాకు పడలేదు.