మూత పెట్టిన పెన్ను

అమెరికాలో, నోవై ఊళ్లో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే ముసలాయన సోవియట్ సైన్యంలో ట్యాంకు డ్రైవర్‌గా చేరి జనరల్ దాకా ఎదిగినవాడు. మా అమ్మాయి ఆయన్ని జనరల్ అంకుల్ అనేది. ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదివేవాడు. అందులో ఒక్క అబద్ధం కనిపించినా పెన్నుకి మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టేవాడు. అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు వాళ్లకి ఆ పెన్నంటే హడల్.

ఒక ఉదయం ఇద్దరం కార్ల మీద మంచు గీకుతుంటే, ఆ అలవాటు ఎక్కడిదని అడిగాను. జనరల్‌గా ఉన్నప్పుడు ఒకసారి యుద్ధ శిక్షణలో, పైనుంచి ఆర్డర్ వచ్చిందని, ఆయన వద్దంటున్నా ట్యాంకుని గడ్డకట్టిన నది మీదికి పంపారట. మంచు పగిలి ముగ్గురు మునిగిపోయారు. తప్పంతా చనిపోయిన డ్రైవర్‌దేనని ఈయన్ని సంతకం పెట్టమన్నారు.

"మూత పెట్టేశాను. భుజం మీద నక్షత్రాలు పీకేశారు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "నా మొత్తం సర్వీసులో నేను గెలిచిన యుద్ధం అదొక్కటే."

ఆయన చనిపోయిన మరుసటి ఏడు మా ప్రాజెక్టులో సర్వర్లు పడిపోయాయి. టెస్టింగ్ అక్కర్లేదు, కొత్త కోడ్ రిలీజ్ చేసెయ్యమన్నది మా మేనేజరే. రిపోర్టులో మాత్రం తప్పు హైదరాబాద్‌లో ఉన్న టెస్టర్‌దని రాశాడు.

"సైన్ చేసెయ్యండి. మీ హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా నా దగ్గరే ఉంది కదా," అన్నాడు, తెలుగులోనే.

చివరి అక్షరం దాకా చదివాను. ఇప్పుడు సంతకానికి పెన్నెక్కడిది, ఒక బటన్ నొక్కితే చాలు. లాప్‌టాప్ మూత మూసి, మేనేజర్ ముందుకి తోశాను.

"ఎక్స్‌టెన్షన్ మీ దగ్గరే ఉంచుకోండి."