చప్పుడుకు బెదరని పిల్ల

2023 వానాకాలంలో, ముంబై దగ్గరి భివండిలో, శాంతి నగర్‌లో నేను చేసినంత తెలివితక్కువ బేరం మా దుకాణదారుల వంశంలో ఇంకెవరూ చేసి ఉండరు. ఆ ఘనత నాదే. పవర్‌లూమ్ మగ్గాల స్పేర్ పార్ట్స్ అమ్మే మా దుకాణంలో సామాను వేరుచేసి సర్దడానికి రూతు అనే ఆమె వచ్చింది. ఐదు నెలల కూతురు కృపను వెంట తెచ్చుకుంటానంది. "పిల్ల ఉంటె పని సగమే అయితది" అని జీతం తగ్గించాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. నెల తిరిగేసరికి నిజంగానే పని సగమే అవుతోంది. ఆమెది కాదు, నాది.

కృప గల్లా పక్కనే గోనెసంచుల మధ్య కూర్చునేది. నేను ఖాళీ బాబిన్, అంటే నూలు చుట్టే ప్లాస్టిక్ గొట్టం, ఒకటి చూపిస్తే పట్టుకునేది. రెండోది చూపిస్తే మొదటిది జారవిడిచేది. కొన్నాళ్లకు మొదటిదాన్ని ఎడమ చేతికి మార్చి, కుడి చేత్తో రెండోది అందుకుంది. కొనడానికొచ్చిన గిరాకీలను ఆపి మరీ ఆ విద్య చూపించాను. ఆ తర్వాత మూడోది చూపించాను. రెండు చేతులూ చూసుకుంది, ఒకటి నోట్లో పెట్టుకుంది, మూడోది లాక్కుంది. ఉన్నది వదలకుండా కొత్తది పట్టడం నాకు నేర్పడానికి మా నాన్నకు ఏళ్లు పట్టాయి. బాబిన్ మీద గుడ్డ కప్పితే ఒకప్పుడు దాని సంగతే మరిచిపోయేది. ఇప్పుడు గుడ్డ లాగి, దొంగ తూకం పట్టుకున్నట్టు నా వైపు చూసేది.

తొమ్మిదో నెలలో ఒకరోజు బోల్టుల డబ్బా పై అర నుంచి రేకు మీద పడింది. ఎదురుగా ఉన్న గిరాకీ ఎగిరిపడ్డాడు. కృప తలెత్తలేదు. వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు.

"రూతూ, పిల్లకు ఇనపడుతలేదా ఏంది?"

"లూమ్‌ల కాడి పిల్ల అన్నా, చప్పుడుకు బెదరది. గల్లీల అందరు మెచ్చుకుంటరు," అని గర్వంగా నవ్వింది.

వాళ్ల ఖోలీకి, అంటే ఒంటిగది ఇంటికి, లూమ్ కార్ఖానాకు మధ్య ఒకటే గోడ. రాత్రీ పగలూ లూమ్‌లు ఆడుతున్నా పిల్ల హాయిగా నిద్రపోయేదట.

"ఒక్కపారి నువ్వు ఎనక నుంచి పిలువు."

పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

సాయంత్రం ఆమె భర్త దానియేలు వచ్చాడు. భివండిలోనే టెంఘర్‌లో లూమ్ నడుపుతాడు. "మా తాతకు లూమ్‌ల కాడ్నే చెవులు పోయినయి. ఆయన బతుకంత మాట్లాడినంక పోయినయి. దీనికింక ఒక్క మాట రాలే గదా అన్నా," అన్నాడు.

మర్నాడు ముగ్గురం పిల్లను తీసుకుని ఠాణేలో ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. అక్కడ చేసేది 'బేరా టెస్ట్'. పిల్ల నిద్రపోతుండగా తలకు వైర్లు అంటించి, చెవిలో వేసిన శబ్దం మెదడు దాకా అందుతోందో లేదో చూస్తారు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కృపకు నిద్రే పట్టలేదు. పాలిచ్చినా, జోకొట్టినా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది.

"టెస్ట్ చేసే మేడంను అడుగుదునా, బయట రిక్షా స్టాండ్ చప్పుడుల పండబెట్టుకొస్తమని?" అన్నాను.

"గమ్మునుండు అన్నా," అంది రూతు.

చివరికి దానియేలు పిల్లను ఒళ్లో వేసుకుని, లూమ్ నడిచే వేగంతోనే తొడలు ఆడించాడు. వాళ్ల ఇంటి నేల అలాగే అదురుతుంది. కాసేపటికే పిల్ల నిద్రపోయింది.

పరీక్ష చేసిన మేడం బయటికి వచ్చి, రెండు చెవులూ బాగున్నాయంది. మరి పిలిస్తే ఎందుకు తిరగదని రూతు అడిగింది. ఇంట్లో పిల్లను ఎలా పిలుస్తారని మేడం హిందీలో అడిగింది. దానియేలు పిల్ల ముందు చెయ్యి ఊపాడు. కృప వెంటనే అతని వైపు చూసింది. రూతు గొంతు లేకుండా పెదవులు కదిపింది. పిల్ల కిలకిలా నవ్వింది.

లూమ్‌ల మధ్య గొంతు వినపడదు. అందుకే అక్కడివాళ్లు చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. వీళ్లు అదే ఇంటికి తెచ్చుకున్నారు. దుకాణంలో నేను మాత్రం తక్కువా? పిల్లకు బాబిన్లు చూపించానే గానీ, నా మాటలన్నీ గిరాకీలకే. చెవిలో పడేదేదీ తన కోసం కాదని కృప తేల్చుకుంది, అంతే. నిశ్శబ్దంగా ఉన్నచోట పిల్లతో మాట్లాడమని మేడం చెప్పింది.

మర్నాటి నుంచి నేను మొదలుపెట్టాను. ఏ పార్ట్ ఏ లూమ్‌కో, ఏ గిరాకీ ఎంత పిసినారో అన్నీ చెప్పాను. "పిల్లకు గివి చెప్పుడేంది?" అని రూతు దెప్పింది. తనూ సామాను సర్దుతూ గొంతెత్తి మాట్లాడసాగింది.

కృప మొదటి పుట్టినరోజు ఇంకా రాలేదు. ఒకరోజు ఒక కార్ఖానా యజమాని నాతో గట్టిగా బేరమాడుతున్నాడు. షటర్ అవతల నుంచి, కనబడకుండానే, రూతు "కృపా" అంది. పిల్ల చేతిలో బాబిన్ వదిలేసింది. షటర్ వైపు తిరిగింది. లూమ్ దగ్గరివాళ్లలా చెయ్యి ఊపుతూనే "ఆఁ" అని గట్టిగా పలికింది. రెండు భాషలూ ఒకేసారి. నేను లేచి గంతేశాను. ఆ సంబరంలో యజమాని అడిగిన ధరకే సరుకు ఇచ్చేశాను.

పిల్లలు తమకు అందిందే నేర్చుకుంటారు. మనం అందించనిదాన్ని వాళ్ల లోపంగా రాసుకోకూడదని నాకు తెలిసొచ్చింది.

ఇక చివరి లెక్క. ఆసుపత్రి ఖర్చంతా నేనే పెట్టానని బజారంతా చెప్పుకున్నాను. నిజానికి ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే దానియేలు సగం డబ్బు నా చేతిలో పెట్టాడు, నేను వద్దనలేదు. పూర్తిగా నా సొంతంగా పెట్టింది నా నోరొక్కటే. అది ఎలాగూ రోజంతా ఊరికే నడిచేదే.