చూరులోని వెంట్రుకల ఉండ

షామీర్‌పేట దాటాక కొత్తగా లేచిన ప్రయోగశాలల్లో ఒకదానిలో నేను టెక్నీషియన్‌గా చేరిన రోజుల సంగతి ఇది. రెండు వేల ఐదో, ఆరో. మా గౌడవెల్లి నుంచి మేడ్చల్ మీదుగా బండి మీద రోజూ వెళ్లి వచ్చేవాణ్ణి. అబద్ధాలకోరునని ఊళ్లో నాకు పేరు. నేను మాత్రం వాటిని అబద్ధాలు అనుకోను. ఉన్నదానికి కాస్త పోపు పెడతానంతే. ఆ పోపు ఒకసారి ఒక ఇంటికి నిప్పంటించబోయింది.

మా దగ్గర గోరంత బిళ్ల ఒకటి ఉండేది. దాని నడుమ ఒక పొర. ఉల్లిపొర దాని ముందు దుప్పటి. ఆ పొరలో ఒకే ఒక్క రంధ్రం, కంటికి కాదు కదా, మామూలు సూక్ష్మదర్శినికి కూడా చిక్కనిది. పొరకు అటూ ఇటూ ఉప్పునీళ్లు పోసి కరెంటు ఇస్తే, మోటారు లేకుండానే నీళ్లు ఆ రంధ్రంలోంచి అవతలికి పాకేవి. వాటిలో జన్యువుల దారప్పోగు వేస్తే సూదిలోకి దారం ఎక్కినట్టు అదీ దూరేది. దూరినప్పుడు కరెంటు సన్నగిల్లి, కంప్యూటర్ తెర మీద గీత ఒక్క క్షణం కుంగేది. ఆ కుంగుబాట్లను బట్టి ఏనాటికైనా ఆ పోగును చదవాలని మా మేడమ్ తపన. ఉప్పునీళ్లు వడకట్టడం, బుడగలు తోలడం, పట్టకారుతో బిళ్లను బిగించడం నా పని. మూడు బిళ్లల్లో రెండు బిగిస్తుండగానే చిట్లిపోయేవి.

ఇంత చెబితే మా బస్సు స్టేజీ దగ్గర చాయ్ హోటల్లో ఎవడు వింటాడు? అందుకని ఇలా చెప్పాను.

"ఒక్క ఎంటిక చాలన్నా. గా పొక్కల కెల్లి గుంజితే, ఏడు తరాల కింద మీ తాత ఏ ఇంట్ల పుట్టిండో చెప్తది."

"తప్పు చెప్తేనో?" అన్నాడు హోటలాయన.

"మనిషి చెప్తడు గని మిషన్ చెప్తదా?"

అందరూ నవ్వారు. వెనక బెంచీ మీద సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్న చిన్న పటేల్ ఒక్కడే నవ్వలేదు. నేను అప్పుడు గమనించలేదు.

ఆయన అన్న అంతకు ముందు ఏడాదే పోయాడు. ఆ అన్న భార్యను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. పెళ్లైన చాలా ఏళ్ల దాకా ఆమెకు పిల్లల్లేరు. ఒకసారి రావల్కోల్‌లోని పుట్టింటికి వెళ్లి, ఆరు నెలలుండి, చంటిపిల్లతో తిరిగొచ్చింది. కన్నదని కొందరు, తెచ్చుకుందని కొందరు. పెద్ద పటేల్ ఆ పిల్లను భుజం దించకుండా పెంచాడు కనుక ఆయన బతికున్నంత కాలం ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడాయన లేడు. పిల్లకు ఇరవై దాటాయి, మేడ్చల్‌లో బట్టలు కుడుతుంది. ఊరికి దగ్గరగా రింగు రోడ్డు వస్తుందన్న మాట పుట్టింది. పెద్ద పటేల్ వాటా పొలం ఆ రోడ్డు దిక్కునే ఉంది. పిల్ల అన్న రక్తం కాదని పదిమందిలో తేలితే తల్లీ కూతుళ్లను ఇంట్లోంచి కూడా లేపొచ్చని చిన్న పటేల్ లెక్క.

వారం తిరక్కుండానే పొద్దున్నే మా ఇంటికొచ్చి, న్యూస్‌పేపర్ పొట్లం నా చేతిలో పెట్టాడు. విప్పితే వెంట్రుకల ఉండ. మా ఊళ్లలో ఆడవాళ్లు తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి ఇంటి చూరులో దోపుతారు. గంప వేసుకుని వెంట్రుకలాయన వచ్చినప్పుడు అవి ఇచ్చి పిన్నీసులు, స్టీలు గిన్నెలు తీసుకుంటారు.

"మా వదినె ఇంటి చూరులకెల్లి తీసిన. ఆ పిల్లయి. నీ మిషన్ల పెట్టు. ఐతారం పెద్దమనుషులను కూసోపెడ్త, వచ్చి చెప్పు."

"పటేలా, అది గట్ల కాదు..."

"ఏందిర? హోటల్ల చెప్పిందంత ఉత్తదేనా?"

అవునంటే నవ్వులపాలయ్యేవాణ్ణి, అంతే. కానీ ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. వేళ్లు బిగుస్తున్నాయి. గేటు బయట జీపులో ఇద్దరు కూర్చుని మా వైపే చూస్తున్నారు. "ఉత్తది కాదు పటేలా" అన్నాను. నా జీవితంలో ఆడిన అబద్ధాలన్నిటిలో పోపు లేనిది అదొక్కటే.

పొట్లాన్ని బండి డబ్బాలో పడేశాను. ఇంట్లో పెట్టాలంటే భయం, పారేయాలంటే మరీ భయం. దారి పొడుగునా వెనక సీటు మీద ఎవరో కూర్చున్నట్టే ఉండేది. గుంతలో బండి ఎగిరితే, పడిపోయారేమోనని తిరిగి చూసేవాణ్ణి. ఉండలో ఎవరి వెంట్రుకలు ఎవరివో కూడా తెలియదు. తల్లివీ కూతురివీ కలిసే ఉంటాయి. ఆ ముక్క చిన్న పటేల్‌కు తట్టలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు.

మూడో రోజు సాయంత్రం వస్తుంటే పెద్దమ్మ మా వాడ మలుపులో నిలబడి ఉంది. బండి ఆపాను.

"నీ మిషన్ అబద్ధం చెప్పదంట గద బిడ్డా," అంది.

నేను బండి దిగాను.

"దానికి జెర చెప్పరాదా. ఒక్కపారి అబద్ధం చెప్పమను. పిల్ల మొన్నటి సంది అన్నం ముడ్తలేదు. నేనెవరి బిడ్డనే అమ్మా అని అడుగుతాంది. నేనేం చెప్పాలె?"

ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మా మేడమ్‌ని అడిగాను. కోస్తా నుంచి వచ్చి మేడ్చల్ కొత్త కాలనీలో ఉండేవారు. తెర మీంచి కళ్లు తిప్పేవారు కాదు.

"మేడమ్, వెంట్రుక ఇస్తే ఎవరి బిడ్డో ఇది చెబుతుందా?"

"ఎవరి బిడ్డో తర్వాత చూద్దాం లేవయ్యా. అసలేదైనా దూరిందో లేదో తెలుసుకోడానికే రెండేళ్లుగా చస్తున్నాం." రోడ్డు మీద లారీ పోయింది, తెర మీద గీత వణికింది. "చూశావా? లారీ వెళ్లినా ఇలాగే చెబుతుంది. ఆ పరీక్షలు వేరే చోట్ల, వేరే పద్ధతిలో చేస్తార్లే. దానికైనా రాలిన వెంట్రుకలు అంత పనికిరావు. పైగా ఒక్కరివి సరిపోవు, పోల్చాలిగా. తండ్రి లేకపోతే ఆయన తోబుట్టువువి కావాలి. ఆ ఇద్దరూ ఒక్క తండ్రి పిల్లలేనని ముందు నమ్మకం ఉండాలి. ఆ నీళ్లలో బుడగ చూడు."

బుడగ తోలాను. ఆ రోజు ఇంకో బిళ్ల చిట్లింది.

ఆదివారం చిన్న పటేల్ ఇంటి ముందు రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుంది. వెనక స్తంభం పట్టుకుని ఆ పిల్ల. దర్వాజ లోపల మంచం మీద పటేళ్ల తల్లి, ఎనభై ఏళ్ల అవ్వ, అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. టక్, టక్ మంటూ చప్పుడు.

ముందు నిజమే చెప్పాను. "మా మిషన్ చదవదు. హోటల్ల నేను చెప్పింది అబద్ధం."

"వదినె ఏం ముట్టజెప్పిందిర నీకు?" అన్నాడు చిన్న పటేల్. పెద్దమనుషులు నవ్వారు. జన్మలో ఒక్కసారి నిజం చెబితే నా గతి అది. పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక పొట్లం విప్పి ఒళ్లో పెట్టుకున్నాను.

"సరే పటేలా. చదువుతదనే అనుకో. గని ఒక్కల ఎంటికతోని గాదు. అన్న లేడాయె. ఆయనకు బదులు నీది గావాలె. ముందుగాల నీది పెట్టాలె. నువ్వు, అన్న ఒక్క నాయిన పిల్లలేనా అన్నది చూడాలె. అది తేలినంకనే పిల్ల ముచ్చట. నాలుగు ఎంటికలు ఇయ్యి."

అడకత్తెర ఆగింది.

చిన్న పటేల్ చెయ్యి నెత్తి దాకా వెళ్లి అక్కడే నిలిచింది. ఆయన దర్వాజ వైపు చూశాడు. లోపల చీకటిగా ఉంది. అవ్వ ముఖం కనిపించలేదు, వక్క పట్టుకున్న వేళ్లు మాత్రం కనిపించాయి. తప్పు ఇంటి తలుపు కొట్టాననిపించింది.

"చాలు తియ్యిర బిడ్డా," అంది అవ్వ లోపల్నుంచి. గొంతు సన్నగా ఉంది. "పొద్దెక్కింది. అందరికి చాయ్ పొయ్యమను."

చిన్న పటేల్ నా ఒళ్లోని పొట్లం లాక్కుని పెద్దమ్మ ముందు పెట్టాడు. "మా ఇంటి పిల్లనే. ఎవడు కాదన్నడు?" అన్నాడు, ఎవరినీ చూడకుండా. ఆ మాట మీదే పెద్దమనుషులు లేచారు. ఆ పొలం జోలికి ఆయన మళ్లీ రాలేదు. పిల్ల మర్నాడు కుట్టు పనికి వెళ్లడం నేను చూశాను.

అవ్వ దాచుకున్నది ఏదైనా ఉందా, ఎనభై ఏళ్ల మనిషి ఉత్త మాటకే హడలిపోయిందా, నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆమె పోయే దాకా ఆ ఇంటి ముందు నుంచి బండి నడపలేకపోయాను. చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి.

ఆ ఎండాకాలం వెంట్రుకలాయన హోటల్ దగ్గర గంప దించుకుని నాతో అన్నాడు.

"ఏందన్నా, అత్వెల్లిల ఇస్తున్నరు, రావల్కోల్‌ల ఇస్తున్నరు. మీ ఊర్ల ఆడోళ్లు నెత్తి దువ్వుడు బంద్ జేసిన్రా? ఒక్క చూరుల ఒక్క ఉండ లేదు."

చాయ్ వదిలేసి లేచాను. అప్పటికే నాకు తెలుసు. పొద్దున్నే షామీర్‌పేటకు బయలుదేరినప్పుడు వాడ పొడుగునా కమురు వాసన వచ్చేది. రాలిన ప్రతి వెంట్రుకా పొయ్యిలోకే పోతోంది.

మా పొయ్యిలోంచి కూడా వచ్చేది. దారిన పోయే వాణ్ణి ఆపి ప్రశ్నలేసే నేను, మా ఆవిడను మాత్రం ఎందుకని అడగలేదు.