రాహుకాలంలో దొరికిన సీటు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు. అయినా కాలేజీ రోజులు తలుచుకుంటే అదేదో పూర్వకాలంలాగే అనిపిస్తుంది, అప్పుడున్నంత పొగరు ఇప్పుడు లేకపోవడం వల్ల కావచ్చు. మాది కనకమ్మ సత్రం దగ్గర ఒక పల్లె. రోజూ బస్సెక్కి తిరువళ్ళూరు పోయి చదువుకునేదాన్ని. మా కాలేజీలో పిల్లలు తమకిష్టమైన పేపరొకటి ఆన్‌లైన్‌లో తామే ఎంచుకోవచ్చని గొప్పగా చెప్పేవారు. ఎంచుకోవచ్చు, నిజమే, కాకపోతే వరసలో. గురువారం ఫైనల్ ఇయర్ వాళ్ళు. శుక్రవారం పదిన్నరకు మా ఏడాదిలో అన్నీ పాసైనవాళ్ళు, వాళ్ళతోపాటు కాలేజీ తరఫున కబడ్డీ ఆడేవాళ్ళు. పదకొండుకు అరియర్ ఉన్నవాళ్ళు. (అరియర్ అంటే తప్పి, మళ్ళీ రాయాల్సిన పేపరు. నాకొకటి ఉండేది, స్టాటిస్టిక్స్. సిగ్గుపడుతూ చెబుతానని ఎదురుచూడకండి.) పెళ్ళిలో ఆఖరి పంక్తివాళ్ళకు ఏ కూర మిగిలితే అదే వడ్డించినట్టు, మాకు ఏ పేపరు మిగిలితే అదే.

నాకు కావాల్సింది వీడియో ఎడిటింగ్. మా చుట్టాలిళ్ళలో చెవులు కుట్టించినా, కొత్త ఇంట్లో పాలు పొంగించినా, ఆ వీడియోలన్నీ ఫోన్లో కత్తిరించి, అతికించి, పాట పెట్టి ఇచ్చేది నేనే. కాలేజీ ల్యాబులో పెద్ద తెరల కంప్యూటర్లు ఉండేవి. కిటికీలోంచి వాటిని చూసినప్పుడల్లా నాకు కడుపులో ఆకలిలాంటిదేదో పుట్టేది. ఉన్న సీట్లు కొన్నే. పైగా ఆ పాఠం చెప్పే సారు ఆ ఏడాదితో రిటైరవుతున్నారు, ఆయన తర్వాత ఆ పేపరే ఉండదట. అంటే ఈసారి తప్పితే ఇక లేనట్టే. స్టాటిస్టిక్స్‌లో తప్పినదానికి ఎడిటింగ్‌లో ఆఖరి వరస ఏమిటని ఆఫీసులో అడిగాను. "రూల్ అంతే" అన్నారు. ఎవరు పెట్టారు ఆ రూలు అని మళ్ళీ అడిగాను. (నాకు ఆఫీసుల్లో పనులు కాకపోవడానికి ఇదొక కారణం.)

గురువారం సాయంత్రం సెంటం ఫోన్ చేసింది. లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరు తెచ్చుకుంటుందని మేము పెట్టిన పేరది. తనకూ ఎడిటింగే కావాలి. "రేపు పదిన్నరనుంచి పన్నెండుదాకా రాగుకాలమే. మా అమ్మ ల్యాప్‌టాప్ ముట్టనీదు. పోతే పోనీలే, మేము ఫస్ట్ బ్యాచ్ కదా, పన్నెండు దాటినాక నొక్కుకుంటాం" అంది. వాళ్ళ వీధిలో ఉన్న మా క్లాసు పిల్లల ఇళ్ళన్నిట్లో అదే మాటట. నేను ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక మాత్రం వంటింట్లోకి పోయి ఒంటరిగా గంతులేశాను. మార్కులు నాకివ్వని వరసను రాహువు ఇస్తున్నాడు!

అయితే రాహువు సెంటం ఇంట్లోనే కాదు, మా ఇంట్లోనూ ఉన్నాడు. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, చదువు రాదు. ఇంట్లో గోడకున్న తమిళ క్యాలెండర్ రోజూ నేనే చదివి వినిపించాలి. అబద్ధం చెబుదామంటే ఏ వారం ఎప్పుడు రాహుకాలమో ఆమెకు కంఠతా వచ్చు. నా చేత చదివించడం, నేను సరిగ్గా చదువుతున్నానా అని చూసేందుకే.

శుక్రవారం పదింటికే పేజీ తెరిచి కూర్చున్నాను. పదకొండు కావస్తుంటే అవ్వ వచ్చి, గోడకున్న వైఫై డబ్బా స్విచ్చి తీసేసింది. "శుక్రవారం పూట రాగుకాలంలో పని మొదలుపెడతావా? పన్నెండు కానీ."

"పన్నెండైతే సీటుండదు అవ్వా!"

"లేకుంటే పోతుంది. ఇంకోటి చదువు."

ఇంకోటి చదవాలట! ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పట్టుకుని మిద్దె మీదికి పరిగెత్తాను, అక్కడ సిగ్నల్ బాగా దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులని పక్క వీధికి కూడా ఆటో కావాలనే మా అవ్వ, గోడ పట్టుకుంటూ, నన్ను తిట్టుకుంటూ, మెట్లన్నీ ఎక్కి వచ్చేసింది. అప్పటికి నేను పేపరు మీద నొక్కేశాను. సీట్లు ఇంకా ఉన్నాయి! కానీ ఓటీపీ అడిగింది. అది పోయేది నాయన నంబరుకు. నాయన పట్టాభిరామ్‌లో ఒక వర్క్‌షాపులో పనిలో ఉన్నాడు.

ఫోన్ స్పీకర్లో పెట్టి, "నాయనా, ఓటీపీ వచ్చింటుంది, బిరీన చెప్పు" అన్నాను.

మిషన్ల చప్పుడు మధ్య నాయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడు రాగుకాలం కదమ్మా... అవ్వ యాడుండాది?"

"ఈడనే ఉండాను," అంది అవ్వ రొప్పుతూ. "చెప్పొద్దు."

"అవ్వ వద్దంటా ఉండాది కదమ్మా," అన్నాడు మా నాయన. వర్క్‌షాపులో పదిమందిని అదిలిస్తాడని పేరున్న మనిషి.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అరిచాను. "నన్ను అందరికన్నా కడాన నిలబెట్టినారు అవ్వా! ఆ సెంటం ముందంట, కబడ్డీ ఆడేవాళ్ళు ముందంట, వాళ్ళందరూ ఏరుకున్నాక మిగిలింది నాకంట. ఇప్పుడు గాని నొక్కకపోతే నేను ఎప్పటికీ కడానే!"

అవ్వ ముఖం మారిపోయింది. మా ఊరి అమ్మవారి జాతరలో మొదటి హారతి మా ఇంటివాళ్ళకే. అది రెండు నిమిషాలు ఆలస్యమైతే పూజారిని ఏడాదంతా దులిపేసే మనిషి ఆమె. "ఎవర్ని కడాన నిలబెట్టినారు? మనల్నా?" అంది. తర్వాత నా ఫోన్ వైపు చూసింది. "ఆ పేజీ ఎప్పుడు తెరిచినావు?"

"పదింటికి."

"పదికి రాగుకాలం రాలేదు కదా. మంచి గడియలో మూట తీసుకుపోయి పక్కింట్లో పెట్టినట్టే. ప్రయాణం అప్పుడే అయిపోయింది, ఇంక ఎప్పుడు గడప దాటితే ఏమి?" ఫోన్ వైపు వంగి, "ఒరేయ్, ఏం చూస్తా ఉండావు, ఆ నంబరు చెప్పరా దానికి!" అని గదమాయించింది.

సీటు వచ్చింది. పన్నెండు దాటగానే రాహుకాలం పోయేదాకా ఆగినవాళ్ళందరూ ఒక్కసారిగా మీద పడేసరికి సైటు మొరాయించింది. అది లేచేసరికి ఎడిటింగ్ నిండిపోయి, సెంటానికి ఆఫీస్ మేనేజ్‌మెంట్ మిగిలింది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను దొంగిలించలేదు, తలుపు నాకంటే అరగంట ముందు తనకే తెరిచారు. అప్పుడూ ఇదే మాటన్నాను, ఇప్పుడూ ఇదే అంటాను. ఎందుకైనా మంచిదని అవ్వ మాత్రం ఆ వారమే నన్ను తిరుత్తణి కొండకు తీసుకుపోయి, స్వామికి జరిగింది విన్నవించి వచ్చింది.

ఇప్పుడు నేను బతుకుతున్నది ఆ ఎడిటింగ్ మీదే. ఏడుస్తూ మిద్దె మీద అరిచిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది. ఈమధ్య నేను అంత గట్టిగా దేనికీ అరవలేదు. కానీ ఒక అలవాటు మిగిలింది. బ్యాంకు పనైనా, తిరుత్తణిలో ఆఫీసు పనైనా, ముందు గోడ మీది క్యాలెండర్ చూసి, సరిగ్గా రాహుకాలంలోనే బయల్దేరతాను. ఆ వేళ ఏ కౌంటర్ దగ్గరా జనం ఉండరు. అవ్వ ఇదంతా గమనిస్తూనే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలకు నన్ను చూపించి, మురిసిపోతూ చెబుతుంది:

"ఈ కాలం పిల్లలని అంటారుగానీ, మా పిల్ల రాగుకాలం చూడకుండా ఇల్లు కదలదు."