నల్లా మూతికి కట్టిన తెల్లగుడ్డ

నీళ్ల ఫిల్టర్ మెకానిక్ ఇవాళ మురికి పట్టిన క్యాండిల్ బయటికి తీయగానే వచ్చిన వాసన నన్ను చిన్నప్పుడు మేమున్న కామాటిపుర చాల్‌కు, ఆ వరసగదుల ఇంటికి లాక్కెళ్లింది.

మీకు గుర్తుందా, నల్లా మూతికి అమ్మలు పాత ధోతిగుడ్డ కట్టేవాళ్లు? మట్టి గుడ్డకు ఆగితే చాలు, నీళ్లు మంచివే అనుకునేవాళ్లం.

ఒక వానాకాలం చెల్లికి కామెర్లొచ్చాయి. వారం తిరక్కుండానే చెల్లి పోయింది.

"రోజూ గుడ్డ కట్టిన గదా, ఎట్లొచ్చింది?" అని అమ్మ ఒకటే ఏడుపు.

తర్వాత గల్లీ తవ్విన పాలమూరు మేస్త్రీ తుప్పుపట్టి చిల్లులు పడ్డ నల్లా పైపు అమ్మకు చూపించాడు. "ఇది మురికి గటర్ల నుంచే పోతుందక్కా. రోగం గుడ్డకు ఆగుతదా?"

కొత్త పైపు వేశారు. అమ్మ నీళ్లు కాచడం మొదలుపెట్టింది.

చెల్లికీ నాకూ ఒకటే స్టీలు గ్లాసు. సగం నేను తాగి తనకిచ్చేవాణ్ని.

ఇప్పటికీ సగం తాగాక నా చెయ్యి ఆగిపోతుంది.