నా వ్యాసానికి వచ్చిన వీసా

ఇప్పటి పిల్లలు తమ పరిశోధనను ఎందరు ఉదహరించారో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్‌లో చూసుకుంటున్నారు. మాకా వైభోగం లేదు. మా పరిశోధన ప్రభావమంతా పోస్ట్‌మాన్ సంచిలో ఉండేది. ఎక్కడో ఒకాయన మన వ్యాసం సంగతి తెలుసుకుని, ‘ఒక ప్రతి పంపండి’ అని కార్డు రాస్తే అదే మనకు పెద్ద బిరుదు.

మంచిర్యాలలో కొత్తగా ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన రోజుల్లో, ఉప్పు స్ఫటికాల మీద నేను రాసిన వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. (మా ఆవిడ శీర్షిక దాకా విని, ఇంట్లో ఉప్పు అయిపోయిందని గుర్తుచేసింది.) మా హెడ్డును చాటుగా స్క్రూగేజి సారు అనేవాళ్లం, దేన్నైనా మిల్లీమీటరులో నూరోవంతు దాకా అనుమానించేవాడు. ల్యాబు వెనక ఖాళీ గది పరిశోధనకు ఇమ్మని అడిగితే, "అచ్చయితె అయింది గని, ఎవడన్న సదివిండా? ఒక్కడు అడిగిండని కార్డు సూపెట్టు, గది నీది. లేకుంటె వాలీబాల్ నెట్లు పెట్టుకుంటం" అన్నాడు. ఏడు నెలల పాటు సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, పాఠం మధ్యలో ఆపేసి కిటికీ దగ్గరికి పోయేవాణ్ని.

కార్డు రానే వచ్చింది. నేను క్లాసులో ఉన్నానని పోస్ట్‌మాన్ దాన్ని గేటు ముందరి ఛాయ్ హోటల్లో ఇచ్చిపోయాడు. మా వైపు విదేశీ తపాలా బిళ్ళతో కాయితం వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. నేను బయటికి రాగానే హోటలాయన ఎదురొచ్చి, "ముబారక్ సారూ! దుబాయ్ వీసా వచ్చింది గద. జర మా తమ్మునికి గూడ ఒకటి సూడుండ్రి" అన్నాడు. ఆ తమ్ముడు అప్పటికే కార్డు మీది బిళ్ళను కత్తిరించి, శుభమని తన పాస్‌పోర్టు దరఖాస్తుకు అంటించి, పోస్టులో కూడా వేసేశాడు. సరిగ్గా ఆ బిళ్ళ వెనకవైపే పంపినాయన పేరు, ఊరు ఉన్నాయి. పోలండు అన్న మాటొక్కటి మిగిలింది. ఆ ముక్కనే పట్టుకుని హెడ్డు దగ్గరికి పరుగెత్తాను. "నువ్వు దుబాయ్ పోతున్నవంటిరి, నెట్లు పెట్టిచ్చిన" అన్నాడాయన చల్లగా.

పుకారు మా సొంతూరు ధర్మపురి బస్సు కూడా ఎక్కినట్టుంది, మరునాడు బాపు, అంటే మా నాన్న, దిగాడు. స్టాఫ్ రూములో అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుని, "ఎమ్మెస్సీ సదివిచ్చింది ఒంటెలు గాసెతందుకారా?" అన్నాడు.

"దుబాయ్ లేదు, ఏం లేదు బాపూ. పోలండుల ఒకాయన నేను రాసింది సదువుతనన్నడు. అడ్రసు పోయింది. ఇగ దాన్ని ఎవ్వడు సదవడు" అని చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది.

బాపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "గంతేనా? గాయనకు పంపేది నాకియ్యి."

బస్టాండు బెంచీ మీద ఆ ప్రతిని మోకాళ్ల మీద పరుచుకుని, ఇంగ్లీషు రాని మా బాపు పేజీ పేజీ వేలు పెట్టి చూశాడు. బస్సు వచ్చినా లేవలేదు. "నీ పేరేడున్నది, సూపెట్టు" అన్నాడు చివరికి. చూపించాను.

నేనేమో ఆ రోజంతా కత్తెర పట్టిన హోటలాయన తమ్ముణ్ని తిట్టుకుంటూ, నా వ్యాసం ఒక్కడూ చదవలేదనే కుమిలిపోయాను. ఎంత తెలివితక్కువవాణ్నో! ఇప్పుడెవరైనా అడిగితే ఒకాయన చదివాడనే చెబుతాను. ఆయనది ధర్మపురి అని మాత్రం చెప్పను.