అక్క ఫ్రిజ్జులో చలికాలం

మొన్న మంగళవారం పాత ఫ్రిజ్ ఇచ్చేసి కొత్తది తెచ్చుకునే హడావిడిలో, మా ఆవిడ అరలన్నీ ఖాళీ చేస్తూ వెన్న గిన్నె వెనక నుంచి ఒక చిన్న నల్ల డబ్బా బయటికి తీసింది. మన తరం వాళ్లకి చూడగానే తెలుస్తుంది, ఫోటో రీలు పెట్టి అమ్మే ప్లాస్టిక్ డబ్బా అది. ఇదివరకు రెండుసార్లు ఫ్రిజ్ మారినప్పుడు నేనే గుట్టుగా చోటు మార్చాను గానీ, ఈసారి మధ్యాహ్నం కునుకు పట్టి దొరికిపోయాను. ఆవిడ మూత దగ్గర ముక్కు పెట్టి చూసి, పాత ఇంగువేమో అనుకుని పోపుల పెట్టెలో వెయ్యబోయింది. నేను పడక్కుర్చీలోంచి ఎంత చురుగ్గా లేచానంటే, నెల రోజులుగా నేను చెబుతున్న మోకాళ్ల నొప్పుల సంగతి ఏపాటిదో ఆవిడకి అక్కడికక్కడే తెలిసిపోయింది.

ఆ డబ్బాలో ఉన్నవి ఆవగింజలో సగమైనా లేని పదిహేను విత్తనాలు. వాటి కథ చెప్పాలంటే, నా పరువు ఒక మొక్క చేతిలో ఉన్న ఏడాది సంగతి చెప్పాలి.

నేను తెనాలి వైపు వాణ్ణి. బోటనీలో డిగ్రీ పుచ్చుకుని, దాంతో ఏం చెయ్యాలో తోచక, సినిమాల్లో నటుణ్ణవుదామని హైదరాబాదు వచ్చినవాణ్ణి, ఈ వయసులో ఇంకా దాచడమెందుకు. ఫిల్మ్ నగర్లో ఒక ఆర్ట్ డైరెక్టరు గారు నా ముఖం చూసి దాని గురించి ఏమీ అనకుండా, మొక్కల గురించి తెలుసా అని మాత్రం అడిగారు. అలా సెట్లలో చెట్టూ చేమా చూసుకునే పని దొరికింది. తోట సీనుంటే కుండీలు పేర్చడం, అడవి సీనుంటే కొమ్మలు పాతడం, వాడిపోయిన వాటిని కెమెరాకి కనపడకుండా తిప్పి పెట్టడం, ఇదీ నా ఉద్యోగం. అదైనా ఇంకా ఖాయం కాలేదు. మా నాన్నగారు మాత్రం మా ఊరి కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఒకటి నా కోసం కనిపెట్టి ఉంచి, అది ఇంకా ఖాళీగానే ఉందని ప్రతి ఉత్తరం చివరా రాస్తుండేవారు.

ఆ ఏడు మా సినిమాలో ఒక పాటకి హిమాలయాలు కావాలన్నారు డైరెక్టరు గారు. వానలు వెనకబట్టే రోజుల్లో యూనిట్టంతా వెళ్లాం. చెట్లన్నీ కిందే ఆగిపోయి, రాయీ గడ్డీ తప్ప మరేమీ లేనంత ఎత్తున, మంచు కరిగిన చోట నేలకి కరుచుకుని గారెంత గారెంత మొక్కలు, వాటి మీద పసుప్పచ్చటి గిన్నెల్లాంటి ఆఖరి పూలు. అసలు పేరు నాకూ తెలియక గిన్నెపువ్వు అని నేనే పేరు పెట్టేశాను. ఆ పువ్వుని చూసి హీరోయిన్ కన్నీళ్లు పెట్టుకునే క్లోజప్ ఒక్కటి మిగిలి ఉండగా మబ్బు కమ్మి మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు డైరెక్టరు గారు మన పరిశ్రమ వాళ్లు మాత్రమే తీసుకోగలిగిన నిర్ణయం ఒకటి తీసుకున్నారు.

"కొండ ఎలాగూ మనతో రాదు. మొక్కని తవ్వించండయ్యా, ఫిల్మ్ నగర్లో సెట్ వేసుకుందాం" అన్నారు.

అంతవరకూ నా జోక్యం లేదు. కానీ ఉన్న పువ్వులు రాలిపోతే హైదరాబాదులో మళ్లీ పూస్తుందా అని ఎవరో అనుమానపడ్డారు, నా బీయస్సీ ఊరుకోనివ్వక, మాఘమాసానికల్లా నేను పూయిస్తానండీ అని అందరి ముందూ అనేశాను. పూస్తే నీ ఉద్యోగం ఖాయం, పూయకపోతే నీ రైలు టిక్కెట్టు ఖాయం అని డైరెక్టరు గారు నవ్వుతూనే అన్నారు గానీ, ఆయన నవ్వుతూ అన్న మాటలే నిజమవుతాయని యూనిట్లో అందరికీ తెలుసు. అలా నా చేతులతోనే ఒక మొక్కని తవ్వి తెచ్చాను. అప్పుడది తప్పనిపించలేదు, ఇప్పుడైతే ఆ పని చేసేవాణ్ణి కాదు.

మా ప్రొడక్షన్ మేనేజరు గారిది గోదావరి జిల్లా. బయటి ఊరి నుంచి ఎవరొచ్చినా వాళ్లకి లోటు రాకూడదన్నది ఆయన ధర్మం. ఆయన లెక్కలో ఆ మొక్క కూడా బయటి నుంచి వచ్చిన ఆర్టిస్టే. పెద్ద కుండీ, మెత్తటి మట్టి, పశువుల ఎరువు, వేరుశనగ పిండి నానబెట్టిన నీళ్లు, పొద్దున్నా సాయంత్రం తడి, పైన ఎండ తగలకుండా గుడ్డ. నేనూ వద్దనలేదు. నెల తిరిగేసరికి, కొండ మీద గారెలా ఒద్దికగా ఉన్నది కాస్తా పొట్లకాయలా సాగి, ఆకు మీద ఆకు వేసి కుండీలోంచి కిందికి వేలాడింది. మొగ్గ అన్న మాట లేదు. కొండ మీద గాలికీ చలికీ ముడుచుకుంటే ఆ ముడుచుకున్న లోపల కాస్త వెచ్చదనం నిలుస్తుందని, ఆ ముడుచుకోవడమే దాని బతుకు తెరువని పుస్తకంలో చదివినవాణ్ణే, పరీక్ష అయిపోయింది కదా అని మర్చిపోయాను.

అప్పట్లో నేను యూసుఫ్‌గూడలో ఒక ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాణ్ణి. ఓనరమ్మని అక్కా అనీ, స్టూడియో వ్యాను నడిపే ఆవిడ భర్తని బావా అనీ పిలిచేవాణ్ణి. స్టూడియోలో ఉంటే అతిథి మర్యాదలు ఆగవని మొక్కని ఇంటికి తెచ్చుకున్న రోజున, మెట్ల మీద దిగులుగా కూర్చున్న నన్ను చూసి అక్క సంగతంతా అడిగింది. ఆవిడ పుట్టినిల్లు నల్గొండ వైపు, బత్తాయి తోటల వాళ్లు.

"మా దిక్కు బత్తాయి తోటకు నీళ్లు బందువెట్టి ఎండవెడ్తరు తమ్మీ. చెట్టు జర గోస వడాలె, గప్పుడే పూత వడ్తది. నువ్వేమో దాన్ని అల్లుని లెక్క మేపుతున్నవ్" అంది.

నాలుగేళ్ల డిగ్రీ, ఒక సప్లిమెంటరీతో కలిపి, ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. ఆ మొక్కలకి వేసవి నిండా మూడు నెలలు కూడా ఉండదు కనుక, వచ్చే ఏడు విచ్చుకోవలసిన మొగ్గని ఈ ఏడే లోపల కట్టి పెట్టుకుంటాయి. మా మొక్క లోపల మొగ్గ ఉండే ఉంటుంది. చలికాలం వచ్చి వెళ్లిందన్న నమ్మకం కుదిరితే గానీ అది బయటికి రాదు. యూసుఫ్‌గూడలో చలికాలం అంటే నాలుగు రోజులు మఫ్లరు చుట్టుకోవడం, దాన్ని అది నమ్మదు. ఈ మాట చెప్పి నేను నిట్టూర్చేలోపలే అక్క లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది.

"చలే గదా, మా ఫ్రిజ్జుల వెట్టు" అంది.

ఆ వీధిలో ఫ్రిజ్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అది కొని అప్పటికి ఆరు నెలలు కాలేదు. అందులోంచి పెరుగు వెళ్లిపోయింది, కూరగాయలు వెళ్లిపోయాయి, దోసెల పిండి బయట పులిసి పులిసి ఇంటిల్లిపాదికీ పుల్లట్లే గతయ్యాయి. సాగిన కొమ్మలు కత్తిరించి, ఎరువు మట్టి దులిపి, ఇసుకా రాళ్లూ నింపిన చిన్న కుండీలో మొక్కని కింది అరలో పెట్టాం. చల్లటి నీళ్ల కోసమే ఫ్రిజ్ కొన్న బావకి మళ్లీ కుండనీళ్లే దిక్కయ్యాయి. మా కులదేవతకు కూడా గింత మర్యాద చెయ్యలే అని ఆయన గొణుక్కునేవాడు గానీ, కరెంటు పోతే మాత్రం అందరికంటే ముందు ఆయనే తడి గోనె తెచ్చి ఫ్రిజ్ మీద కప్పేవాడు. కార్తీకమాసం కావడంతో పక్కింటి వాళ్లు ఇదేదో నోము అనుకున్నారు. ఒకావిడ కుండీకి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టి వెళ్లింది.

రెండు నెలలు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆ మధ్య వచ్చిన నాన్నగారి ఉత్తరంలో పోస్టుకి ఆఖరి తేదీ కూడా ఉంది. సంక్రాంతి వెళ్లాక మొక్కని డాబా మీద ఎండలో పెట్టాం, పది రోజులు అది ఉలకలేదు, పలకలేదు. పదకొండో రోజు పొద్దున అక్క కేకకి పరుగెత్తుకెళ్తే, ఆకుల మధ్య రెండు పచ్చటి మొగ్గలు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

షూటింగు నాడు పీచుతో చేసి రంగు వేసిన సెట్టు కొండరాయి పక్కన మొక్కని పాతి, లైటు కట్టి, పువ్వు ముఖం కెమెరాకి ఎదురుగా పెట్టి, హీరోయిన్ కోసం ఎదురుచూశాం. ఆవిడ తయారై రావడానికి రెండు గంటలు పట్టింది. వచ్చి కూర్చునేసరికి పువ్వు కెమెరాకి వీపు చూపిస్తోంది. నేనే తిప్పానని తిట్లు తిన్నాను. మళ్లీ సర్దాం, మళ్లీ గంటలో అది పెద్ద లైటు వైపు తిరిగిపోయింది. కొండ మీద సూర్యుడు ఎటుంటే అటు తిరిగి, ఆ గిన్నెలో వెచ్చదనం పట్టి, చలికి వణికే ఒకటీ అరా తుమ్మెదని లోపలికి పిలుచుకోవడం దాని అలవాటని విన్నవించాను. మాట పొదుపైన కెమెరామాన్ గారు చాలాసేపు దాన్నే చూసి, "ఈవిడకి లైటు సంగతి నాకన్నా బాగా తెలుసయ్యా" అన్నారు.

ఇక చేసేదేముంది, ముందు లైటు కట్టి, పువ్వుని దాని ఇష్టానికి తిరగనిచ్చి, కెమెరానీ హీరోయిన్‌నీ దానికి తగ్గట్టు జరపాలన్నారు. దాంతో హీరోయిన్ ఎడమ చెంప బదులు కుడి చెంప కెమెరాకి పడింది. వాళ్లమ్మగారు కుర్చీలోంచి లేచి, "క్లోజప్ మా అమ్మాయిదాండీ, పువ్వుదాండీ?" అని అడిగారు. డైరెక్టరు గారు నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను. కాసేపటికి హీరోయినే, అంత దూరం నుంచి వచ్చింది పాపం, దాన్ని కదపకండి, నేనే ఇటు జరుగుతాను అంది. ఆ షాటు ఒక్క టేకులో ఓకే అయింది. నా ఉద్యోగం ఖాయమైంది, ముప్పై ఏళ్ల పైన ఆ పనే చేశాను.

పేకప్ అయ్యాక మేకప్ ఆయన్ని బతిమాలి సన్న బ్రష్షు తీసుకుని, ఒక పువ్వు పుప్పొడి రెండో పువ్వుకి అద్దాను. అక్కడి తుమ్మెద చేసే పని ఇక్కడ నేను చేశాను. విత్తనాలు కట్టాయి, వాటిని ఖాళీ రీలు డబ్బాలో పోసి దాచుకున్నాను గానీ, మొక్క మాత్రం రోహిణీ కార్తె దాటలేదు. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేకపోయింది. సినిమా విడుదలైన రోజు వీధి వీధంతా వెళ్లాం. తెర మీద ఆ పువ్వు కనిపించింది రెండే రెండు క్షణాలు. పదిమందిలో ఎన్నడూ గొంతెత్తని అక్క హాలు మధ్యలో లేచి నిలబడి, "గది మా ఫ్రిజ్జుల పువ్వు" అని అందరికీ వినపడేలా చెప్పింది.

కిందటేడు మా ఆర్ట్ డైరెక్టరు గారి అబ్బాయి ఏదో షూటింగుకి ఆ చోటికే వెళ్లి ఫోటోలు పంపాడు. ఆ పచ్చిక మీద ఇప్పుడు మోకాలెత్తు పొదలు. గిన్నెపూలు కావాలంటే ఇంకో పూట పైకి నడవాలని అక్కడి గొర్రెల కాపరి చెప్పాడట. కింద వెచ్చబడేకొద్దీ తరం తర్వాత తరం విత్తనం పైకి పాకుతోందన్నమాట. మన సినిమావాళ్లూ కృష్ణానగర్ నుంచి ఫిల్మ్ నగర్‌కీ, అక్కణ్ణించి జూబ్లీహిల్స్ గుట్ట మీదికీ అలాగే ఎక్కారు గానీ, మనకి పైన ఇంకో అంతస్తు వేసుకునే వీలుంది. కొండకి శిఖరం తర్వాత ఏమీ లేదు.

డబ్బా దొరికిన మర్నాడే దాన్ని తీసుకుని మోతీనగర్‌లో కూతురి దగ్గరుంటున్న అక్కని చూడ్డానికి వెళ్లాను. బావ పోయి చాలా ఏళ్లయింది. అక్కకి చూపు తగ్గింది, విత్తనాలని అరచేతిలో పోయించుకుని వేలితో తడిమి చూసింది. ఇవి ఇంకా మొలుస్తాయో లేదో తెలియదక్కా, మొలిచినా అక్కడ చోటు ఉంటుందో లేదో అని కొండ సంగతంతా చెప్పాను. అక్క విత్తనాల మీద గుప్పిట మూసుకుంది.

"అప్పుడు ఒక్క చెట్టాయె, మా ఫ్రిజ్జుల వట్టింది. ఇప్పుడు గుట్టకే చలి తక్కువైందంటున్నవ్. గుట్ట వట్టేంత ఫ్రిజ్జు ఏడ దొరుకుతది తమ్మీ?" అంది.

 విత్తనాలని ఒక్కటి కూడా జారిపోకుండా మళ్లీ డబ్బాలో పోసి, చేతి వేడి తగలకుండా రుమాల్లో చుట్టి, ఆటో అతన్ని కాస్త తొందరగా పోనిమ్మన్నాను. ఇంటికి రాగానే కొత్త ఫ్రిజ్ కింది అరలో, అందరికీ కనపడేట్టు ముందు వరసలో పెట్టాను. ఇంగువ కాదని మా ఆవిడ దాని మీద కాగితం అంటించింది.